వరంగల్‌లో స్టార్టప్‌లకు డబ్బు పెడుతున్నారా? అందరూ మీ దాకా రాగలిగేలా చేయడం ఎలా

హనుమకొండ డాక్టర్లు, కరీంనగర్ గ్రానైట్ వ్యాపారులు, జనగామ వైపు రైస్‌మిల్లుల యజమానులు పదిమంది కలిసి స్టార్టప్‌లలో పెట్టుబడి పెట్టే చిన్న బృందంలో నేనూ ఒక సభ్యుణ్ణి. మొదటి ఏడాది పెట్టుబడి అడుగుతూ మా ముందు కూర్చున్న ఫౌండర్లలో (స్టార్టప్ మొదలుపెట్టినవాళ్లలో) దాదాపు అందరూ రెండు మూడు ఇంజినీరింగ్ కాలేజీల్లో చదివిన అబ్బాయిలే. ఆడవాళ్లను, ఆదివాసీలను, దళితులను, దివ్యాంగులను రావద్దని మేమెవరమూ అనలేదు; మా పద్ధతి మాత్రం ఆ మాట అంటూనే ఉందని ఆలస్యంగా తెలిసింది. అందుకే మనసులు మార్చుకోవడం గురించి కాక, ఆ పద్ధతిని ఎక్కడెక్కడ ఎలా మార్చవచ్చో ఇక్కడ రాస్తున్నాను.

మొదట దరఖాస్తులు చేరే దారిని చూడండి. తెలిసినవాళ్లు పంపితేనే చూస్తామనే అలవాటును మానుకోవాలి, ఎందుకంటే మనకు తెలిసినవాళ్లలో ఎక్కువమంది మనలాంటివాళ్లే. ఇంగ్లీషు పిచ్ డెక్‌కు (వ్యాపారాన్ని పరిచయం చేసే స్లయిడ్లకు) బదులు తెలుగులో రెండు పేజీలు గానీ, ఫోన్‌లో తీసిన ఐదు నిమిషాల వీడియో గానీ చాలని ప్రకటించండి. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోయడానికి (నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టడానికి) రోజూ వేలసార్లు చెయ్యి ఆడించి తల్లి పడుతున్న భుజం నొప్పిని చూసి ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బడి చదువు మధ్యలోనే ఆగిన ఆయన మా మొదటి ఏడాది ఫారం నింపి ఉంటే, "విద్యార్హత" అన్న గడి దగ్గరే మేము పక్కన పెట్టేసేవాళ్లం. ప్రకటనను నిట్‌కు, కాకతీయ యూనివర్సిటీకి పంపి ఊరుకోకుండా ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు, మండల మహిళా సమాఖ్యలకు, ఏటూరునాగారం, ఉట్నూరులలో ఆదివాసీల అభివృద్ధి చూసే ఐటీడీఏ కార్యాలయాలకు కూడా పంపండి. పల్లె మహిళలు సొంతంగా వ్యాపారం నడపగలరా అని మీ బృందంలో ఎవరైనా సందేహిస్తే, 2002 నుంచి పాలు సేకరించి అమ్ముతున్న ముల్కనూరు మహిళా డెయిరీకి ఒకసారి తీసుకువెళ్లండి. దాని యజమానులు సభ్యులైన ఆ మహిళలే.

సమావేశంలో అడిగే ప్రశ్నల దగ్గరే అసలు తేడా వస్తుంది కాబట్టి ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఒకసారి, ఆరబోసిన మిర్చిలో తేమను కొలిచే పరికరం తెచ్చిన అబ్బాయిని మా సభ్యుడొకరు "రెండేండ్లల్ల ఎన్ని జిల్లాలకు పోతరు?" అని అడిగారు. ఆ తర్వాత కొత్తవాడ చేనేత కుటుంబానికి చెందిన అమ్మాయి జంపఖానాల ఆర్డర్లను మగ్గాలకు పంచే యాప్‌ను చూపిస్తే, అదే సభ్యుడు "పెండ్లయినంక దీన్ని ఎవరు చూసుకుంటరమ్మా?" అన్నారు. ఆయన ఆప్యాయంగానే అడిగారు, అందుకే ఆ గదిలో ఎవరికీ తప్పనిపించలేదు, నాతో సహా. అమెరికాలో ఒక స్టార్టప్ పోటీని పరిశీలించి డానా కాంజే, ఆమె సహచరులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో కూడా ఇదే కనబడింది: మగ ఫౌండర్లకు ఎదురైన ప్రశ్నల్లో 67 శాతం ఎదుగుదల గురించినవైతే, ఆడ ఫౌండర్లకు ఎదురైనవాటిలో 66 శాతం నష్టపోకుండా ఎలా నిలబడతారన్నవి. నష్టం గురించిన ప్రశ్నలు ఎక్కువగా ఎదురైనవారికి పెట్టుబడి తక్కువగా దక్కింది.

దీనికి మేము చేసిన ఏర్పాటు చాలా మామూలుది. ఎదుగుదల మీద మూడు, నష్టభయం మీద మూడు, మొత్తం ఆరు ప్రశ్నలు ముందే కాగితం మీద రాసుకుని అందరినీ అదే వరుసలో అడుగుతాము. పెళ్లి, పిల్లలు, కులం, అత్తగారి ఊరు అడగము. ప్రతి సభ్యుడూ ఎవరితోనూ మాట్లాడకముందే మార్కులు వేసి కాగితం ఇచ్చేయాలి. అందరికంటే ఎక్కువ డబ్బు పెట్టే సభ్యుడు చివర మాట్లాడాలి. ఈ ఒక్క నియమానికి ఒప్పించడానికే మాకు రెండు నెలలు పట్టింది.

దళిత, మహిళా ఫౌండర్ల కంపెనీలో వాటా తీసుకునేటప్పుడు 51 శాతం అనే అంకెను గుర్తుపెట్టుకోండి. ఎస్సీల కంపెనీలకు డబ్బు సమకూర్చడానికి కేంద్రం 2015లో ప్రారంభించిన ఎస్సీ వెంచర్ క్యాపిటల్ ఫండ్ నుంచి సాయం పొందాలంటే కంపెనీలో కనీసం అంత వాటా ఎస్సీలదై ఉండాలి. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు తమ కొనుగోళ్లలో 4 శాతం ఎస్సీ, ఎస్టీల చిన్న పరిశ్రమల నుంచి, 3 శాతం మహిళల చిన్న పరిశ్రమల నుంచి జరపాలనే విధానానికి కూడా ఇదే గీత. రెండు విడతల్లో సగానికి పైగా వాటా మనమే లాగేసుకుంటే, రామగుండం ఎన్‌టీపీసీ లాంటి కొనుగోలుదారు దగ్గర ఆ కంపెనీకున్న అవకాశాన్ని మన చేతులతో చెరిపేసినట్టవుతుంది. ఇంటి నుంచి ఆసరా లేని ఫౌండరుకు మొదటి నెల నుంచే జీతం ఉండేలా బడ్జెట్ వేయించండి.

డబ్బు పెట్టాక చూడవలసినవి రెండు. పదిమంది ఉద్యోగులు చేరగానే లైంగిక వేధింపుల ఫిర్యాదులకు 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ వేయాలి. అంతకన్నా చిన్న కంపెనీలో పనిచేసేవారు జిల్లా స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చని ఉద్యోగులందరికీ ముందే చెప్పించండి. రెండోది, తయారైన యాప్‌ను చవక ఫోన్‌లో, తెర మీది మాటలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, చూపులేని మనిషి చేతికిచ్చి పరీక్షించమనండి. అందులోని మాటలు అందరికీ అర్థమవుతున్నాయో లేదో కూడా చూడాలి: ఒక యాప్‌లో "లావాదేవీ విఫలమైనది" అన్న వాక్యం చూసి, కూరగాయలు అమ్ముకునే ఒకామె డబ్బు పోయిందనుకుని కంగారుపడింది. దాన్ని "పైసలు పోలేదు, మళ్లీ పంపండి" అని మార్చడానికి పావుగంట పట్టింది.

చివరగా ఒక రిజిస్టరు పెట్టుకుని, ఎంతమంది దరఖాస్తు చేశారు, వారిలో మహిళలెందరు, ఏ మండలాల వారు, ఏ దశలో ఆగిపోయారు అన్నది రాయండి. మా రిజిస్టరులో మహిళల సంఖ్య రెండో దశలోనే సగానికి పడిపోతోందని కనబడింది. ఆ దశ సమావేశాన్ని మేము శనివారం సాయంత్రం ఏడు గంటలకు పెట్టేవాళ్లం; ములుగు, భూపాలపల్లి వైపు వారికి తిరిగి వెళ్లడానికి బస్సు దొరికేది కాదు. ఇప్పుడు ఉదయం పదకొండుకు పెట్టి, రానుపోను చార్జీలు మేమే ఇస్తున్నాము.