మాంజా కోసిన గద్దకు మొదటి సాయం

జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే పతంగులకు కట్టే నైలాన్ మాంజాను నిషేధించినా అది దొరుకుతూనే ఉంది. సంక్రాంతి వెళ్ళాక కూడా చెట్లకు, తీగలకు చిక్కుకున్న దారం వారాల తరబడి గద్దలను కోస్తూనే ఉంటుంది. పక్షి కరెంటు తీగకు వేలాడుతుంటే కర్రతో లాగొద్దు, లైన్‌మన్‌ను పిలవండి. ఎత్తైన చెట్టయితే అగ్నిమాపక కేంద్రానికి చెప్పండి.

నేల మీద ఉన్న గద్దను చూసి జనం ముక్కుకు భయపడతారు. భయపడాల్సింది కాళ్ళకు. వెనక నుంచి వెళ్ళి మందపాటి దుప్పటిని తలతో సహా కప్పండి. కళ్ళకు చీకటి పడగానే సగం పెనుగులాట ఆగిపోతుంది. రెక్కలను ఒంటికి ఆనించి మూసి, రెండు కాళ్ళనూ పైభాగంలో, మధ్యలో ఒక వేలు ఉండేలా పట్టుకోండి. గోరు మీ చేతిలో దిగినప్పుడు గుంజితే పట్టు ఇంకా బిగుస్తుంది. ఆ కాలిని మెల్లగా నిటారుగా చాపితే పట్టు సడలుతుంది. ఛాతీని మాత్రం నొక్కొద్దు. పక్షికి మనలా ఊపిరి ఆడించే ఉదర వితానం (ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండే కండర పొర) లేదు, ఛాతీ ఎముక కదిలితేనే దానికి ఊపిరి ఆడేది.

ఒంటికి చుట్టుకున్న దారాన్ని లాగకుండా కత్తెరతో రెండు వైపులా కత్తిరించండి. కండలోకి దిగిన ముక్కను డాక్టరుకు వదిలేయండి. రెక్క ముందంచున, భుజానికీ మణికట్టుకూ మధ్య గుడారం గుడ్డలా సాగే పల్చని చర్మపు పొర ఒకటి ఉంటుంది. మాంజా ఎక్కువగా కోసేది దాన్నే. అంచున పోయే స్నాయువు, అంటే కండను ఎముకకు కలిపే గట్టి తీగ, తెగితే రెక్క పూర్తిగా విచ్చుకోదు. పైకి గాయం చిన్నదిగా కనిపించినా ఇది ఇంట్లో మానే వ్యవహారం కాదు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. పసుపు, నూనె, ఆయింట్‌మెంట్ పూయొద్దు. జిడ్డు ఈకలకు పట్టిందంటే అవి నీటిని ఆపలేవు, ఒంటి వేడినీ నిలపలేవు.

ఆ తర్వాత అట్టపెట్టె. ముప్పావు కిలో తూగే నల్ల గద్దకు రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు చాలు. పక్కలకు పది పన్నెండు చిల్లులు పెట్టి, అడుగున పాత దుప్పటి పరవండి. వట్టి కాగితమైతే కాళ్ళు జారతాయి. ఇనుప పంజరం వద్దు, చువ్వలకు కొట్టుకుని తోక, రెక్క ఈకలు విరుగుతాయి. విరిగిన ఈక రాలి కొత్తది వచ్చేదాకా సరిగ్గా ఎగరలేదు, అందుకు నెలలు పడుతుంది. పెట్టెను టీవీకి, పిల్లలకు, కుక్కకు దూరంగా పెట్టండి. పాపం ఎలా ఉందోనని పదే పదే మూత తీసి చూడటమే అన్నిటికన్నా చెరుపు.

నోట్లో నీళ్ళు పోయొద్దు. శ్వాసనాళం రంధ్రం నాలుక మొదట్లోనే తెరిచి ఉంటుంది, చుక్క పక్కకు పోతే ఊపిరితిత్తుల్లోకే. పాలు, అన్నం, రొట్టె దానికి తిండి కాదు. నీరసించిన పక్షికి వెంటనే మాంసం పెట్టినా అరగదు, ముందు ద్రవాలు ఎక్కాలి, అది డాక్టరు పని. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు అసలే వద్దు. డైక్లోఫెనాక్ రాబందుల మూత్రపిండాలను దెబ్బతీసి చంపుతోందని తేలాకే 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు.

దొరికిన చోటు, సమయం చీటీ మీద రాసి పెట్టెకు అంటించి, అదే రోజు అటవీ శాఖకో పక్షులు చూసే పశువైద్యుడికో అప్పగించండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం గద్దను ఇంట్లో పెంచుకోవడం నేరం. చుట్టుపక్కల పక్షులు గుంపుగా చచ్చిపడి ఉంటే మాత్రం దేన్నీ తాకకండి, పశుసంవర్ధక శాఖకు చెప్పండి.

అప్పగించాక చికిత్స ఇలా సాగుతుంది. ఎముక విరిగితే అతుక్కోవడానికి మూడు నాలుగు వారాలు. అన్నాళ్ళూ కట్టు విప్పకుండా ఉంచితే కీలు బిగుసుకుపోతుంది, అందుకే డాక్టర్లు మధ్యలో విప్పి రెక్కను చాపి ముడుస్తారు. కూర్చునే కర్రకు కొబ్బరి తాడు చుట్టాలి. నున్నటి గొట్టం మీద రోజుల తరబడి నిలబడితే అరికాళ్ళు పుండ్లు పడతాయి. పెద్ద గూట్లో ఈ చివర నుంచి ఆ చివరకు పలుమార్లు ఎగిరినా నోరు తెరిచి రొప్పకూడదు, రెండు రెక్కలూ సమంగా లేవాలి. అప్పటిదాకా వదలడం తొందరపాటే.

పతంగుల రోజులు పూర్తిగా దాటాక, వాన లేని ఉదయం, దొరికిన చోటికే తీసుకెళ్ళండి. గాల్లోకి విసరొద్దు. మూత తీసి వెనక్కి జరగండి. కొన్ని వెంటనే లేస్తాయి, కొన్ని గోడ మీదికెక్కి పావుగంట ఈకలు సవరించుకుని గాని కదలవు.