కొత్త రిలీజ్ పెట్టగానే యాప్ లోడింగ్‌లోనే తిరుగుతోందా? డేటాబేస్ మార్చే ముందు ట్యాబులు లెక్కపెట్టండి

లక్షణం ఇలా ఉంటుంది. బ్రౌజర్‌లోనే ఉండే ఇండెక్స్‌డ్‌డీబీ అనే డేటాబేస్‌లో డేటా దాచుకునే వెబ్ యాప్‌కి కొత్త రిలీజ్ పెట్టారు. మీ లాప్‌టాప్‌లో బాగానే ఉంది, టెస్టింగ్ వాళ్ల దగ్గరా బాగానే ఉంది. వాడేవాళ్లలో కొంతమందికి మాత్రం లోడింగ్ చక్రం తిరుగుతూనే ఉంటుంది. కన్సోల్‌లో ఎర్రగా ఒక్క లైనూ ఉండదు. సిస్టమ్ ఆపి ఆన్ చేస్తే సర్దుకుంటుంది. మర్నాడు ఇంకొకరు ఫోన్ చేస్తారు.

ఇక మీటింగ్. "ఇండెక్స్‌డ్‌డీబీ ఎప్పుడూ ఇంతే, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ పెట్టేద్దాం" అని ఒకరు. "ఇంత చిన్న డేటాకి లోకల్‌స్టోరేజ్ చాలు కదా" అని ఇంకొకరు. ఓసారి ఒకాయన వెబ్ ఎస్‌క్యూఎల్ అనే పాత బ్రౌజర్ డేటాబేస్ పేరు కూడా ఎత్తాడు. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ దాని పని 2010లోనే ఆపేసింది, క్రోమ్ 2023లో 119వ వెర్షన్‌తో తీసేసింది. గంటసేపు ఇదే నడుస్తుంది కానీ, "ఆ ఫోన్ చేసినాయన సిస్టమ్‌లో మన యాప్ ఎన్ని ట్యాబుల్లో తెరిచి ఉంది?" అని ఒక్కరూ అడగరు.

ముందు అది అడగండి. లోడింగ్‌లో ఉన్న ట్యాబ్‌ని ముట్టుకోకుండా, మన యాప్ ఉన్న మిగతా ట్యాబులన్నీ మూయమనండి. రిఫ్రెష్ కూడా చేయకుండానే స్క్రీన్ వచ్చేసిందా? అయితే జబ్బు దొరికినట్టే.

ఎందుకు ఆగుతుంది

ఇండెక్స్‌డ్‌డీబీలో డేటాబేస్‌కి ఒక వెర్షన్ నంబర్ ఉంటుంది. కొత్త టేబుల్ కావాలన్నా, కొత్త ఇండెక్స్ కావాలన్నా ఆ నంబర్ పెంచి తెరవాలి. పాత ట్యాబ్ 4తో తెరిచి కూర్చుంది, కొత్త ట్యాబ్ 5తో తెరవమంది అనుకోండి. బ్రౌజర్ ముందుగా పాత కనెక్షన్‌కి వెర్షన్‌ఛేంజ్ అనే ఈవెంట్ పంపుతుంది, అంటే "కాస్త తప్పుకో" అని కబురు. పాతది తప్పుకోకపోతే కొత్త ట్యాబ్‌కి బ్లాక్‌డ్ అనే ఈవెంట్ వస్తుంది. అది ఎర్రర్ కాదు. ఆన్‌ఎర్రర్ పలకదు, ఆన్‌సక్సెస్ పలకదు. మనలో చాలామంది ఆ రెండింటినే ప్రామిస్‌లో, అంటే తర్వాత వచ్చే జవాబు కోసం ఆగే కోడ్‌లో, చుట్టి వదిలేస్తాం. ఆ ప్రామిస్ అటూ కాదు, ఇటూ కాదు, అలాగే వేలాడుతుంది.

మనకెందుకు కనబడదంటే, మనం రోజంతా ఒకే ట్యాబ్‌ని రిఫ్రెష్ చేస్తూ ఉంటాం. గుంటూరులో ఒక మందుల షాపు ఉంది. మా బిల్లింగ్ యాప్ అక్కడ రెండు ట్యాబుల్లో ఉంటుంది. ఒకటి బిల్లుకి, ఇంకొకటి స్టాక్‌కి పిన్ చేసి పెట్టింది. ఆ రెండోదాన్ని వారాల తరబడి ఎవరూ ముట్టుకోరు. ఓనర్ గారు ఫోన్ చేసి "బాబూ, కౌంటర్ దగ్గర జనం నిలబడ్డారు, ఇది తిరుగుతూనే ఉంది" అంటే, మీ నెట్ బాగాలేదేమో అన్నాను ముందు. రెండు గంటలు లాగ్‌లు చూశాను. చివరికి ఆయన విసుగొచ్చి స్టాక్ ట్యాబ్ మూసేశారు. వెంటనే "ఆఁ, వచ్చేసింది, ఏం చేశావు?" అన్నారు. నేనేం చేయలేదు సార్, మీరే చేశారు.

ఏం చేయాలి

డేటాబేస్ తెరుచుకోగానే దాని మీద ఆన్‌వెర్షన్‌ఛేంజ్ పెట్టి, అందులో కనెక్షన్‌ని క్లోజ్ చేయండి. తెరిచే రిక్వెస్ట్ మీద ఆన్‌బ్లాక్‌డ్ పెట్టి, "ఈ యాప్ ఇంకో ట్యాబ్‌లో తెరిచి ఉంది, దాన్ని మూయండి" అని స్క్రీన్ మీద చూపించండి. రెండూ కలిపి ఐదారు లైన్లు.

అయితే నేను దెబ్బతిన్నది ఇక్కడే. తప్పుకోవాల్సింది పాత ట్యాబ్, అందులో నడుస్తున్నది పాత కోడ్. ఈరోజు మీరు రాసిన ఆన్‌వెర్షన్‌ఛేంజ్ ఆ ట్యాబ్‌లోకి ఎక్కడ నుంచి వస్తుంది? అందుకే హ్యాండ్లర్‌నీ (ఈవెంట్ రాగానే నడిచే ఆ కోడ్‌నీ) నంబర్ పెంపునీ ఒకే రిలీజ్‌లో పెడితే లాభం లేదు. ముందు హ్యాండ్లర్ ఒక్కటే పంపండి, ఒకటి రెండు వారాలు ఆగండి, తర్వాత నంబర్ పెంచండి. కొత్త యాప్ మొదలుపెడుతుంటే నంబర్ 1 నాడే రాసేయండి.

ఇంకో తప్పు కూడా చేశాను. కనెక్షన్ క్లోజ్ చేసి ఊరుకోకుండా పేజీని దానంతటదే రీలోడ్ అయ్యేలా పెట్టాను. సగం కొట్టిన బిల్లు ఎగిరిపోయింది. ఆ ఫోన్ కాల్ గురించి చెప్పను. రీలోడ్ బటన్ చూపించండి, నొక్కడం వాళ్లకి వదిలేయండి.

ట్యాబులన్నీ మూసినా కదలకపోతే సర్వీస్ వర్కర్‌ని, అంటే పేజీ వెనక విడిగా నడిచే మన స్క్రిప్ట్‌ని, చూడండి. అదీ ఒక కనెక్షన్ తెరిచి పెట్టుకోవచ్చు, దాంట్లోనూ అదే హ్యాండ్లర్ ఉండాలి. చక్రం తిరగకుండా వెర్షన్‌ఎర్రర్ వస్తోందంటే కథ తిరగబడిందన్నమాట. క్యాష్‌లోని పాత కోడ్ 5 అయిపోయిన డేటాబేస్‌ని 4తో తెరవాలని చూస్తోంది.

ఎస్‌క్యూలైట్‌కి మారితే పోతుందా

పోదు, ముదురుతుంది. బ్రౌజర్‌లో నడిచే ఎస్‌క్యూలైట్ వెబ్‌అసెంబ్లీ బిల్డ్ తన డేటా ఫైల్‌ని ఓపీఎఫ్ఎస్‌లో, అంటే బ్రౌజర్ మన సైట్‌కి ఇచ్చే సొంత ఫైళ్ల అరలో, పెడుతుంది. అందులో వేగంగా నడిచే ఎస్ఏహెచ్‌పూల్ పద్ధతి ఫైళ్ల మీద ఎక్స్‌క్లూజివ్ లాక్ తీసుకుంటుంది. అంటే రిలీజ్ రోజు వరకూ ఆగక్కర్లేదు, రెండో ట్యాబ్ తెరిచిన రోజే తెరుచుకోదు. ఒక మేలుంది, ఇక్కడ ఎర్రర్ కనబడుతుంది. వెబ్ లాక్స్ అనే బ్రౌజర్ సదుపాయంతో ఒక ట్యాబ్‌ని పెద్దగా ఎంచి, మిగతావి దాని ద్వారా అడిగేలా రాసుకోవాలి. మామూలు ఓపీఎఫ్ఎస్ పద్ధతిలో ట్యాబులు కాస్త సర్దుకుంటాయి కానీ, దానికి సర్వర్ నుంచి కోప్, కోఎప్ అనే, పేజీని మిగతా సైట్ల నుంచి విడదీసే హెడర్లు పంపాలి. అవి పెట్టగానే బయటి నుంచి ఎంబెడ్ చేసుకున్నవి కొన్ని ఆగిపోతాయి.

నాలుగైదు టేబుళ్లు కలిపి రిపోర్టులు తీసేది మీ యాప్ అయితే ఎస్‌క్యూలైట్ మంచిదే, పెట్టుకోండి. లోడింగ్ చక్రం ఆపడానికి మాత్రం పెట్టుకోకండి. లోకల్‌స్టోరేజ్ భాష, థీమ్ లాంటి సెట్టింగులకి. దాదాపు 5 ఎంబీ దగ్గర కోటాఎక్సీడెడ్ ఎర్రర్ ఇస్తుంది, పైగా చదివినంతసేపూ, రాసినంతసేపూ పేజీని ఆపేస్తుంది.

మిగతావి

ట్రాన్సాక్షన్ఇన్‌యాక్టివ్ ఎర్రర్: ట్రాన్సాక్షన్ (కలిపి ఒకేసారి సేవ్ అయ్యే పనులు) మధ్యలో, సర్వర్ నుంచి డేటా తెచ్చే ఫెచ్ కోసం అవెయిట్ పెట్టి ఆగారు. ఆ సందులో ట్రాన్సాక్షన్ దానంతటదే ముగిసిపోతుంది. ఫెచ్ ముందు చేసుకుని ట్రాన్సాక్షన్ తర్వాత తెరవండి.

"డేటా మొత్తం పోయింది": ముందు అడ్రస్ బార్ చూడండి. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ ఉన్నదీ లేనిదీ బ్రౌజర్‌కి రెండు వేరే ఇళ్లు. పోర్ట్ మారినా అంతే. ఐఫోన్ అయితే, సఫారీ వాడిన 7 రోజుల్లో మీ సైట్‌ని ఒక్కసారీ తాకకపోతే ఇండెక్స్‌డ్‌డీబీ, లోకల్‌స్టోరేజ్ రెండూ తుడిచేస్తుంది. ఈ నియమం 2020 నుంచీ ఉంది. హోమ్ స్క్రీన్‌కి యాడ్ చేయించండి, సర్వర్‌లో ఒక కాపీ ఉంచండి.

సేవ్ అయిన చివరి బిల్లు కరెంటు పోయాక కనబడకపోవడం: క్రోమ్ 121 నుంచి డిఫాల్ట్ డ్యూరబిలిటీ రిలాక్స్‌డ్, అంటే డిస్క్ మీదకి నిజంగా చేరేదాకా ఆగకుండానే సేవ్ అయిందంటుంది. ముఖ్యమైన ట్రాన్సాక్షన్‌కి స్ట్రిక్ట్ అని ఇవ్వండి. ఇన్నేళ్లలో ఒక్కసారే చూశాను, అదీ యూపీఎస్ లేని షాపులో.