రెండు పేజీల మీద ఒకే ఫొటో: మడతలో ముఖం పోకుండా ఎలా పెట్టాలి?

బడి గ్రూప్ ఫొటోలో హెడ్మాస్టరు గారు ఎక్కడ కూర్చుంటారు? ముందు వరసలో, సరిగ్గా మధ్యలో. ఆ ఫొటోని రెండు పేజీల నిండా వేస్తే మడత కూడా అక్కడే పడుతుంది. మా బ్యాచ్ సమ్మేళనానికి నేను తయారుచేసిన సావనీరులో అదే జరిగింది. తెర మీద అంతా బాగుంది. బైండింగ్ అయి వచ్చాక పుస్తకం ఎంత విప్పి పట్టుకున్నా మాస్టారి ముఖం సగమే కనిపించింది. ఆయన చేతిలో ఆ కాపీ పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే సాఫ్ట్‌వేర్ తెరవకముందే మడత ఎక్కడ పడాలో తేల్చుకోండి. ఇద్దరి భుజాల మధ్య ఖాళీ, ఒక చెట్టు, గోడ, ఆకాశం ఉన్న చోటు వెతకండి. ఫొటోకి ఒక పక్క ఖాళీ ఉంటే అటు కాస్త కత్తిరించి, మడతని మాస్టారి పక్కకి జరపొచ్చు. కత్తిరిస్తే చివర్న నిలబడ్డ పిల్లలు పోతారనిపిస్తే మాత్రం ఆ ఫొటోని రెండు పేజీల మీద వేయనే వద్దు. ఒకే పేజీలో అడ్డంగా తిప్పి వేయండి.

తర్వాత ఏ బైండింగో ప్రెస్ వాళ్లని అడగండి. మధ్యలో పిన్నులు కొట్టే 16 పేజీల పుస్తకంలో 8, 9 పేజీలు మాత్రమే ఒకే కాగితం మీద పక్కపక్కన అచ్చవుతాయి. 4వ పేజీ 13తో, 5వ పేజీ 12తో కలిసి పడతాయి. అంటే 4, 5 పేజీల్లో వేసిన ఫొటో రెండు ముక్కలూ వేర్వేరు కాగితాల మీద ఉంటాయి. అతుకు దగ్గర కాస్త ఎగుడుదిగుడు, రంగులో కొద్దిగా తేడా రావచ్చు. వీలుంటే పెద్ద ఫొటోని నడిమి పేజీలకే ఉంచండి.

ఇక ఫొటో సైజు. రెండు ఏ4 పేజీలు కలిపి 420 మి.మీ. వెడల్పు. చుట్టూ 3 మి.మీ. బ్లీడ్, అంటే కటింగ్‌లో పోయే అదనపు అంచు, కలిపితే 426 × 303. 300 డీపీఐ (అంగుళానికి పడే చుక్కలు) కావాలంటే సుమారు 5030 × 3580 పిక్సెళ్లు ఉండాలి. 200 వరకు తగ్గినా పర్వాలేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో దాదాపు 1600 పిక్సెళ్లకి కుదించుకుపోతుంది, అంటే 95 డీపీఐ. ముఖాలు మసకబారతాయి. డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.

ఇప్పుడు పని. ఇక్కడ ఉచితంగా దొరికే పేజీల డిజైన్ సాఫ్ట్‌వేర్ స్క్రైబస్‌లో చెబుతున్నాను. ఇన్‌డిజైన్‌లో అయినా, పేజ్‌మేకర్‌లో అయినా లెక్క ఇదే.

కొత్త డాక్యుమెంట్‌లో ఏ4 సైజు, ఎదురెదురు పేజీల లేఅవుట్ తీసుకోండి. మొదటి పేజీ కుడివైపు రావాలి. బ్లీడ్ పైన, కింద, బయటి వైపు 3 మి.మీ., లోపలి వైపు సున్నా.

రెండు పేజీల మీదుగా ఒకే ఫ్రేమ్ గీయొచ్చు. నేను మాత్రం పేజీకొక ఫ్రేమ్ పెడతాను. ఎందుకో కిందే తెలుస్తుంది. ఎడమ పేజీలో 213 × 303 మి.మీ. ఇమేజ్ ఫ్రేమ్ గీసి, దాని ఎక్స్, వై స్థానాలు రెండూ -3 ఇవ్వండి. రైట్ క్లిక్ చేసి గెట్ ఇమేజ్‌తో ఫొటో తెచ్చుకోండి. ఫ్రీ స్కేలింగ్ పెట్టి, ఫొటో మొత్తం వెడల్పు 426 అయ్యేలా సరిచేయండి. ఆ ఫ్రేమ్‌నే కాపీ చేసి కుడి పేజీలో పేస్ట్ చేయండి. కొత్తగా గీస్తే స్కేల్‌లో చిన్న తేడా వచ్చినా అతుకు దగ్గర భుజం విరిగినట్టు కనిపిస్తుంది. ఈ రెండో ఫ్రేమ్‌ని కుడి పేజీ లోపలి అంచుకి, అంటే ఆ పేజీ ఎక్స్ సున్నాకి ఆనించి, లోపలి ఫొటో ఎక్స్ స్థానం -213 చేయండి. రెండు ముక్కలూ కలిసిపోతాయి.

పిన్నుల పుస్తకానికి ఇంతే చాలు. గమ్‌తో అంటించే పర్ఫెక్ట్ బైండింగ్ అయితే ఒక్కో పేజీలో కొన్ని మిల్లీమీటర్లు వెన్ను దగ్గర దాగిపోతాయి. 4 మి.మీ. అనుకుందాం. అప్పుడు కుడి ఫొటో స్థానం -213 బదులు -205 ఇవ్వండి. మడత దగ్గరి 8 మి.మీ. ముక్క రెండు పేజీల్లోనూ పడుతుంది, ఒక్కో పేజీలో సగం దాగినా ఫొటో కంటికి అతికినట్టే ఉంటుంది. కుడి చివర మాత్రం 8 మి.మీ. పోతుంది, అక్కడ ఎవరైనా నిలబడి ఉన్నారేమో చూసుకోండి. రెండు ఫ్రేములు పెట్టమన్నది ఈ సర్దుబాటు కోసమే. వెన్ను ఎంత తింటుందో ప్రెస్ వాళ్లే సరిగ్గా చెబుతారు.

పీడీఎఫ్ చేసేటప్పుడు ప్రీ-ప్రెస్ ట్యాబ్‌లో డాక్యుమెంట్ బ్లీడ్స్ వాడమని టిక్ పెట్టండి. పేజీలు విడివిడిగానే ఇవ్వండి, జత చేసి ఇవ్వకండి. ఏ పేజీ పక్కన ఏది రావాలో ప్రెస్ వాళ్లు పేర్చుకుంటారు.

ఇచ్చేముందు రెండు పేజీలనీ 80 శాతం సైజులో ప్రింట్ తీసి, అంచులు కత్తిరించి, వెనక టేపు అంటించి మడవండి. మడత మీద వేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుతూ, వేలి కింద ఎవరి ముఖమైనా పడుతోందేమో చూడండి. పడితే మళ్లీ జరపండి.