కంప్యూటర్ వాటర్ కూలింగ్‌లో ఏ లోహాన్ని దేనితో కలపాలి?

కంప్యూటర్ వేడిని నీటితో తీసివేసే వాటర్ కూలింగ్‌ను సొంతంగా అమర్చుకునేవారు సాధారణంగా బ్లాకును (ప్రాసెసర్ వంటి వాటి వేడిని నీటికి అందించే లోహపు దిమ్మ) ఆన్‌లైన్‌లోనూ, ఫిట్టింగులను (గొట్టాలను బిగించే ముక్కలు) విశాఖ ద్వారకానగర్ దుకాణాల్లోనూ, రేడియేటర్‌ను (నీటి వేడిని గాలిలోకి వదిలేది) ఎవరైనా పాతది అమ్ముతుంటే వారి దగ్గరా కొంటారు. అలా కూర్చుకున్న భాగాలలో రాగి, ఇత్తడి, నికెల్ పూత ఒకే లూప్‌లో (నీరు తిరిగే మార్గంలో) నిశ్చింతగా ఉండవచ్చు. అల్యూమినియం మాత్రం వాటితో కలవకూడదు.

ఇందుకు కారణం లోహాల విద్యుత్ విభవాలలోని తేడా. ప్రమాణ విభవం రాగికి +0.34 వోల్టులు, నికెల్‌కు దాదాపు −0.25, అల్యూమినియానికి −1.66. లవణాలున్న నీటిలో రెండు లోహాలు విద్యుత్తుపరంగా కలిస్తే, విభవం తక్కువైనది కరిగిపోతుంది; తేడా చాలా ఎక్కువ కాబట్టి అల్యూమినియానికే ఈ ముప్పు ఎక్కువ. విశాఖ హార్బరులో ఓడల ఉక్కు అడుగుభాగానికి జింకు దిమ్మలను బిగించేది ఈ సూత్రంతోనే. ఉక్కుకు బదులు జింకు అరిగిపోతుంది. మన లూప్‌లో అల్యూమినియం రేడియేటర్ ఆ జింకు దిమ్మ స్థానంలో ఉంటుంది. మధ్యలో రబ్బరు గొట్టం ఉంది కాబట్టి ఫర్వాలేదనుకోవడం పొరపాటు, ఎందుకంటే కంప్యూటర్ క్యాబినెట్‌లోని ఇనుము ఆ భాగాలను విద్యుత్తుపరంగా కలపవచ్చు. అది కలపకపోయినా రాగి నుంచి నీటిలోకి చేరిన అయాన్లు అల్యూమినియం మీద పేరుకుని అక్కడికక్కడే చిన్న చిన్న గుంటలు పెడతాయి.

మొదట ఏ భాగం ఏ లోహమో తేల్చుకోవాలి. అయస్కాంతం ఇక్కడ పనికిరాదు, రాగీ అల్యూమినియమూ రెండూ దానికి అంటుకోవు. రేడియేటర్‌కు గొట్టం బిగించే మరచుట్టులోకి టార్చి వేసి చూస్తే, నల్ల రంగు అక్కడక్కడ లేచిన చోట పసుపు కనబడితే ఇత్తడి, వెండిలా తెల్లగా ఉంటే అల్యూమినియం అయ్యే అవకాశం ఎక్కువ. నికెల్ పూత పూసిన ఇత్తడి కూడా తెల్లగానే ఉంటుంది కాబట్టి చేత్తో ఎత్తి బరువు చూడండి. రాగి సాంద్రత అల్యూమినియానికి మూడింతలకు పైగా ఉంటుంది. నీరు తగిలే ఉపరితలమే మనకు ముఖ్యం. బ్లాకు పైమూత అల్యూమినియం అయినా లోపల నీటికి తగలకపోతే అభ్యంతరం లేదు.

ఫ్యాక్టరీలో మూసివేసి వచ్చే కూలర్లలో చాలా వాటికి రాగి పలక, అల్యూమినియం రేడియేటర్ రెండూ ఉంటాయి. అయితే వాటిలో లోహక్షయాన్ని అడ్డుకునే రసాయనాలు కలిపిన ద్రవం నింపి, గాలి చొరకుండా బిగిస్తారు. ఆ రసాయనాలు క్షయాన్ని నెమ్మదింపజేస్తాయే గాని పూర్తిగా ఆపవు. వాటిని విప్పి మామూలు నీరు పోయడం ఎంతమాత్రం తగదు.

తరువాత నీటి సంగతి చూడాలి, ఇది మన ఊరిలో మరింత జాగ్రత్తగా ఆలోచించవలసిన విషయం. తీరానికి దగ్గరి బోర్లలో నీరు ఉప్పగా ఉండడం మామూలే; ఆ ఉప్పులోని క్లోరైడు అల్యూమినియాన్ని కాపాడే ఆక్సైడ్ పొరను ఛేదిస్తుంది, రాగినీ మచ్చలు పడేలా చేస్తుంది. కుళాయి నీరు, క్యాన్ నీరు కూడా వద్దు. ఇంట్లోని ఆర్వో యంత్రం లవణాలను తగ్గిస్తుంది గాని పూర్తిగా తీసివేయదు. ఇన్వర్టర్ బ్యాటరీల దుకాణాల్లో దొరికే డిస్టిల్డ్ నీటిని, సీసా మీద యాసిడ్ కాదని చదివి నిర్ధారించుకుని వాడవచ్చు. అది కూడా లోహాలను తాకుతూ ఉంటే క్రమంగా అయాన్లను పట్టుకుంటుంది కాబట్టి, రాగికి రక్షణగా బెంజోట్రయజోల్ వంటి లోహక్షయ నిరోధకాన్ని, నాచు పట్టకుండా మందును కలిపిన రెడీమేడ్ ద్రవమే నా దృష్టిలో మేలు. రెండు కంపెనీల ద్రవాలను కలపకండి. నాచు పట్టకుండా కొందరు నీటిలో వెండి తీగచుట్ట వేస్తారు. వెండి విభవం +0.80 వోల్టులు, అందువల్ల నికెల్ పూత ఉన్న బ్లాకు పక్కన దానిని ఉంచకపోవడమే మంచిది.

కొత్త రాగి రేడియేటర్‌లో టంకం పెట్టినప్పటి ఫ్లక్స్ (టంకం అతుక్కునేందుకు పూసే రసాయనం) మిగిలి ఉండవచ్చు. వేడి డిస్టిల్డ్ నీరు సగం పోసి, మూతలు బిగించి, గట్టిగా కుదిపి తెల్ల గిన్నెలోకి వంపండి. గిన్నెలో నలకలు, నురుగు కనబడకుండా పోయేంతవరకు మళ్ళీ మళ్ళీ చేయాలి. ఆ తరువాత లూప్ బిగించి, పంపుకు మాత్రమే కరెంటిచ్చి, ప్రతి ఫిట్టింగు కింద టిష్యూ కాగితం ఉంచి ఒక రోజంతా తిప్పి చూడండి. కాగితం తడవకపోతే మిగిలిన భాగాలకు కరెంటు ఇవ్వవచ్చు.

ద్రవాన్ని దాని తయారీదారు చెప్పిన గడువులో, చెప్పకపోతే ఏడాదికొకసారి మార్చాలి. మార్చేటప్పుడు బ్లాకు విప్పి, సన్నని చాళ్ళలో ఏముందో చూడండి. తెల్లటి జిగురు లేదా పొడి కనబడితే ఎక్కడో అల్యూమినియం కరుగుతూ ఉండవచ్చు. నికెల్ పొర లేచి కింద ఎర్రటి రాగి బయటపడితే ఆ పూత దెబ్బతిన్నదని తెలుసుకోవాలి. రాగి తానుగా నీటికి తట్టుకుంటుంది, అయితే ఊడిన పొర ముక్కలు చాళ్ళను మూసివేస్తాయి కాబట్టి వాటిని మెత్తని బ్రష్షుతో తీసివేయాలి. లూప్‌లో అల్యూమినియం రేడియేటర్ ఉందని తేలితే ద్రవం మార్చి మళ్ళీ వాడకుండా తీసి రాగిది పెట్టండి, ఎందుకంటే గుంటలు పడిన రేడియేటర్ గొట్టం కారితే ఆ నీరు గ్రాఫిక్స్ కార్డు మీద పడవచ్చు.