గ్యాస్ట్రిన్ ఎక్కువ వచ్చిందా? ముందు గ్యాస్ మాత్ర సంగతి తేల్చండి

గ్యాస్ట్రిన్ అంటే కడుపులో యాసిడ్ ఊరేలా చేసే హార్మోన్. పాంక్రియాస్ (క్లోమం)లో గానీ, ఎక్కువమందికి చిన్నపేగు మొదట్లో గానీ వచ్చే గ్యాస్ట్రినోమా అనే గడ్డ దీన్ని అదుపు లేకుండా వదులుతుంది. అల్సర్లు మళ్లీ మళ్లీ వస్తూ, వాటితో పాటు విరేచనాలు కూడా ఉంటే డాక్టర్లు రక్తంలో గ్యాస్ట్రిన్ ఎంతుందో చూసే టెస్ట్ రాస్తారు.

సమస్య: మామూలుగా మిల్లీలీటరు రక్తంలో 100 పికోగ్రాముల లోపు ఉండాల్సింది 400 వచ్చింది, ఇంట్లో అందరికీ టెన్షన్.

కారణం: చాలాసార్లు గడ్డ కాదు, పాంటాప్రజోల్, రాబెప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలే. మన హైదరాబాద్‌లో ఏ మెడికల్ షాపులోనైనా అడిగితే ఇచ్చేస్తారు, ఏళ్ల తరబడి పరగడుపున వేసుకునేవాళ్లున్నారు. యాసిడ్ తగ్గగానే శరీరం దాన్ని పెంచడానికి గ్యాస్ట్రిన్ ఎక్కువగా వదులుతుంది, అంతే.

పరిష్కారం: డాక్టర్ సరేనంటే మాత్ర కనీసం ఒక వారం ఆపి మళ్లీ చేయించాలి. దయచేసి సొంతంగా మాత్రం ఆపకండి, నిజంగా గ్యాస్ట్రినోమానే ఉంటే ఆ కొద్దిరోజుల్లోనే అల్సర్ నుంచి రక్తం పోవచ్చు, పేగుకు చిల్లు పడొచ్చు. మలం తారులా నల్లగా వస్తే టెస్ట్ సంగతి పక్కన పెట్టి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

సమస్య: మాత్ర ఆపినా తగ్గలేదు.

కారణం: కడుపు లోపలి పొర పలచబడి యాసిడ్ ఊరకపోవడం (వీళ్లలో చాలామందికి బీ12 కూడా తక్కువ ఉంటుంది), హెచ్ పైలోరీ అనే కడుపులోని బ్యాక్టీరియా, కిడ్నీ జబ్బు, లేదా నిజంగానే గడ్డ.

పరిష్కారం: ఎండోస్కోపీలో కడుపు రసం పీహెచ్ (ఈ అంకె ఎంత తక్కువుంటే యాసిడ్ అంత ఎక్కువ) చూడమని అడగండి, అసలు గుట్టు అక్కడే తెలుస్తుంది. యాసిడ్ లేకపోతే గ్యాస్ట్రినోమా అయ్యే అవకాశం చాలా తక్కువ. పీహెచ్ 2 లోపు ఉండి గ్యాస్ట్రిన్ 1000 దాటితే అనుమానం బాగా బలపడుతుంది, గ్యాస్ట్రిన్ 100కి, 1000కి మధ్యలో ఉంటే సీక్రెటిన్ అనే హార్మోన్ ఇచ్చి చూస్తారు, గ్యాస్ట్రిన్ 120 పికోగ్రాములు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెరిగితే పాజిటివ్. గడ్డ ఎక్కడుందో వెతకడానికి గాలియం డోటాటేట్ పెట్ సీటీ అనే స్కాన్ తీస్తారు. ఈ గడ్డలు కొందరికి వంశపారంపర్యంగా వస్తాయి, వాళ్లకి మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల్లోనూ సమస్య ఉండొచ్చు కాబట్టి కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోన్ కూడా చూపించుకోవాలి.

సమస్య: లక్షణాలన్నీ ఉన్నాయి, నంబర్ మాత్రం నార్మల్.

కారణం: శాంపిల్ పాడై ఉండొచ్చు. గ్యాస్ట్రిన్ మామూలు వేడిలో త్వరగా విరిగిపోతుంది. ఉప్పల్‌లో ఇంటికొచ్చి రక్తం తీసుకున్న అబ్బాయి మే నెల ఎండలో ఇంకో నాలుగిళ్లు తిరిగి ల్యాబ్‌కి చేరితే ఆ నంబర్‌ని నమ్మలేం.

పరిష్కారం: ల్యాబ్‌కే వెళ్లి ఇవ్వండి, శాంపిల్‌ని వెంటనే చల్లబరిచి, సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) వేరుచేసి ఫ్రీజ్ చేస్తారా అని ముందే అడగండి. రాత్రంతా, దాదాపు పన్నెండు గంటలు ఏమీ తినకుండా ఉండాలి, పొద్దున చాయ్ కూడా వద్దు. రెండోసారీ అదే ల్యాబ్‌లో ఇవ్వండి, ఎందుకంటే కిట్ మారితే అంకె మారుతుంది, కొన్ని ల్యాబులు యూనిట్లు కూడా వేరేగా ఇస్తాయి. ఏ గ్యాస్ మాత్ర, చివరిసారి ఏ రోజు వేసుకున్నారో రిపోర్ట్ మీదే రాసి గ్యాస్ట్రో డాక్టర్‌కి చూపించండి.