తలచుకున్న పేకముక్క ముందే బోర్లా పడి ఉండాలంటే ఎలా?

ఎదుటివాళ్ళు నోటికొచ్చిన ముక్క పేరు ఒకటి చెబుతారు. మీరు డబ్బాలోంచి కట్ట తీసి పరుస్తారు. అన్నీ వెల్లకిలా ఉంటాయి, వాళ్ళు చెప్పిన ముక్క ఒక్కటే బోర్లా ఉంటుంది. పేకతో చేసే మెంటలిజంలో, అంటే మనసు చదివినట్టు చూపించే మ్యాజిక్‌లో, దీన్ని మించింది లేదు. దీనికి వాడే కట్టను ఇన్‌విజిబుల్ డెక్ అంటారు. అమెరికన్ మెజీషియన్ జో బెర్గ్ 1936లో తెచ్చిన అల్ట్రా మెంటల్ డెక్ దీనికి మూలం. ఇప్పుడు హైదరాబాద్‌లో గృహప్రవేశాల్లో, ఆఫీసు పార్టీల్లో కుర్రాళ్ళు దీన్ని తెగ చేస్తున్నారు. అందరూ ఒకే చోట పాడు చేస్తున్నారు. ఆ చోటు గురించే ఇది రాస్తున్నాను.

కావలసినవి రెండే: మంచి పేక కట్ట ఒకటి, మ్యాట్ ఫినిష్ వార్నిష్ స్ప్రే ఒకటి. జోకర్లు తీసేయండి. డాబా మీద పాత పేపర్లు పరిచి, 52 ముక్కలూ బోర్లా పెట్టి, వెనకవైపు మాత్రమే అడుగు దూరం నుంచి పల్చగా కొట్టండి. రాత్రంతా ఆరనివ్వండి. మందంగా కొడితే చేతికి గరుకు తెలిసిపోతుంది.

ఇక జతలు. రెండు ముక్కల వీపులు కలిపి ఒక జత చేయాలి. రెండింటి విలువ కలిపితే 13 రావాలి. ఆసు 1, జాకీ 11, రాణి 12. ఇస్పేటుకి ఆఠీను జోడీ, కళావరుకి డైమను జోడీ. అంటే ఆఠీను ఏడుకి ఇస్పేటు ఆరు, డైమను ఆసుకి కళావరు రాణి. రమ్మీలో పదమూడు ముక్కలు పంచుకుని పెరిగిన మనకి ఈ లెక్క కష్టం కాదు. ప్రతి జతలో ఒకటి సరిసంఖ్య, ఒకటి బేసిసంఖ్య వస్తాయి. సరిసంఖ్యలన్నీ ఒకవైపు, బేసిసంఖ్యలన్నీ రెండోవైపు కనిపించేలా 26 జతలు పేర్చండి. రాజుకి రాజే జత: ఇస్పేటు రాజుకి ఆఠీను రాజు, కళావరు రాజుకి డైమను రాజు. నల్ల రాజుల్ని సరి వైపు, ఎర్ర రాజుల్ని బేసి వైపు ఉంచండి. బేసి వైపు ఏదో తెలిసేలా డబ్బా మీద పెన్నుతో చిన్న చుక్క పెట్టుకోండి.

ముక్క పేరు వినగానే అది ఉన్న వైపు కిందికి, దాని జోడీ ఉన్న వైపు పైకి వచ్చేలా కట్ట తీయాలి. ఆఠీను ఏడు బేసి, కాబట్టి సరి వైపు పైన ఉండాలి, మీరు వెతకాల్సింది ఇస్పేటు ఆరుని. ఈ లెక్క డబ్బా ముట్టుకోకముందే పూర్తి కావాలి. డబ్బా మూత తెరిచాక ఆలోచిస్తూ కట్టని అటూ ఇటూ తిప్పితే అక్కడితో అయిపోయినట్టే. అందుకే పేరు విన్నాక వెంటనే డబ్బా మీద చేయి వేయకండి. "ఎందుకు ఆ ముక్కే అనిపించింది?" అని అడగండి. వాళ్ళు జవాబు చెప్పేలోపు మీ లెక్క తేలిపోతుంది, పైగా మనసు చదువుతున్నారన్న భావన వాళ్ళకి కలిగేది కూడా ఆ ప్రశ్నతోనే. ఇక్కడ ఒకరు ఆఠీను అంటారు, ఒకరు హార్ట్స్ అంటారు, పాతబస్తీ స్నేహితుడు పాన్ అంటాడు. ఏది విన్నా తడుముకోకూడదు.

ఇప్పుడు అసలు కష్టం. కట్టని ఎడమ చేతిలో పట్టుకుని, బొటనవేలితో ఒక్కో జతనీ కుడి చేతిలోకి తోస్తూ పరుస్తారు. గరుకు వీపుల వల్ల ప్రతి జతా ఒకే ముక్కలా కదులుతుంది. జోడీ ముక్క వచ్చినప్పుడు ఆ జత ఒక్కటే విడిపోవాలి. ఇక్కడ అందరూ చేసే తప్పు, విడదీయాలని బొటనవేలితో గట్టిగా నొక్కడం. నొక్కితే గరుకు వీపులు ఇంకా బిగుసుకుంటాయి. మీరు ఇంకా నొక్కుతారు, ఒక్కసారిగా నాలుగైదు జతలు చెదిరి, బోర్లా ముక్కలు మూడు బయటపడతాయి. అది చూసినవాళ్ళకి కట్ట రహస్యం మొత్తం తెలిసిపోతుంది.

చేయాల్సింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మామూలు జతల్ని తోసేటప్పుడు కొంచెం బరువు ఉంచండి. జోడీ ముక్క రాగానే బరువు తీసేయండి. వేలి కొస ముక్కకి తగిలీ తగలనట్టుగా ఉంచి, కిందికి కాకుండా పక్కకి జరపండి. పై ముక్క జారి, కిందిదాని వీపు ఒక అంగుళం కనిపిస్తే చాలు. అక్కడ ఆగిపోకండి. ఇంకో మూడు నాలుగు జతలు అదే వేగంతో పరిచాక ఆగండి.

వేగం మారకూడదు. మొదటి ముక్క నుంచే నెమ్మదిగా పరిస్తే జోడీ దగ్గర నెమ్మదించాల్సిన పని ఉండదు. మొదట గబగబా తోసి, జోడీ కనిపించగానే కళ్ళు పెద్దవి చేసి వెతికేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. అంత అందమైన కట్టని చేతిలో పెట్టుకుని, గుట్టు తామే బయట పెడుతున్నారు. అద్దం ముందు కాదు, ఎవరితోనైనా మాట్లాడుతూ సాధన చేయండి. మాట ఆగకుండా జత విడిపోయేదాకా జనం ముందుకి వెళ్ళకండి.

వానాకాలంలో ఇంకో చిక్కు ఉంది. ముక్కలు తేమ పీల్చి ఉబ్బుతాయి, జతలు మొండికేస్తాయి. డబ్బాలో చిన్న సిలికా జెల్ పొట్లం వేయండి. ఇరానీ హోటల్ బల్ల మీద కట్ట అసలు పెట్టకండి, అక్కడ టీ తడి ఎప్పుడూ ఉంటుంది.

వీపు మీద రహస్య గుర్తులున్న కట్టతో ఇదే పని చేయొచ్చు కదా అని అడుగుతుంటారు. దాంట్లో మీరు ముక్క వీపు చూడాలి, ఎదుటివాళ్ళు మీ కళ్ళనే చూస్తుంటారు. స్వెంగాలి అనే ఇంకో మ్యాజిక్ కట్టలో సగం ముక్కలు ఒకటే, కాబట్టి వాళ్ళు తీసేది మీరు అనుకున్నదే. పైగా అది పిల్లల మ్యాజిక్ సెట్లలో కూడా వస్తోంది. ఇన్‌విజిబుల్ డెక్‌లో వాళ్ళు 52 ముక్కల్లో ఏది చెప్పినా సరే, ఎంపిక నిజంగా వాళ్ళదే. నాకు ఈ కట్ట మీద ఇంత ప్రేమ అందుకే.

బోర్లా ఉన్న ముక్కని వాళ్ళనే లాగి తిప్పమనండి. పల్చగా స్ప్రే చేసిన కట్ట అయితే వేళ్ళకి ఏమీ తెలియదు. మన ఊళ్ళో పేక కనిపిస్తే కలపడానికి చేతులు ముందుకొస్తాయి, కాబట్టి వాళ్ళు ఆ ముక్క చూస్తుండగానే మిగతా కట్టని డబ్బాలో పెట్టేయండి. "ఇంకోసారి" అని ఎంత బతిమాలినా ఆ రోజుకి మళ్ళీ తీయకండి. ఇంటికి వెళ్ళాక ఆ ముక్కని దాని జోడీతో కలిపి, సరి బేసి వైపులు ఒకసారి సరిచూసి డబ్బాలో పెట్టండి.