చలి ఉదయాన లారీ స్టార్ట్ చేయడం, ఐడ్లింగ్‌ను గమనించడం ఎలా?

జనవరి తెల్లవారుజామున బెంగళూరు యశ్వంతపుర మార్కెట్ యార్డు దగ్గర నిలబడితే వరుసగా లారీలు స్టార్ట్ అవుతున్న చప్పుడు వినిపిస్తుంది. ఒకటి మొదటి సెల్ఫ్‌కే అందుకుంటుంది. పక్కది దగ్గుతుంది, తెల్లపొగ చిమ్ముతుంది, చప్పుడు ఒకసారి పెరిగి ఒకసారి పడిపోతుంది. ‘చలికి అంతేలెండి’ అని డ్రైవరు సరిపెట్టుకుంటాడు. నేను ఆ మాట ఒప్పుకోను. బెంగళూరులో ఇంతవరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ 1884 జనవరిలో. మామూలు జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. మంచి డీజిల్ ఇంజన్‌కు అది చలే కాదు. ఆ మాత్రానికే బండి మొరాయించిందంటే లోపల ఏదో బలహీనపడినట్టే.

డీజిల్ ఇంజన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని పదహారు, పదిహేడో వంతుకు నొక్కినప్పుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. చల్లబడిన సిలిండర్ గోడలు ఆ వేడిని లాగేస్తాయి. ఆయిల్ చిక్కబడుతుంది, బ్యాటరీ బలం తగ్గుతుంది, ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది. దీనికి తోడు బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పీడనం చెన్నైలో కంటే దాదాపు పది శాతం తక్కువ. సెల్ఫ్ కొట్టేటప్పుడు, ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో సాయం ఉండదు కాబట్టి ఆ లోటు పూరించేది ఏదీ లేదు. చెన్నైలో చక్కగా స్టార్ట్ అయిన బండే మర్నాడు ఇక్కడ పొగ వదలడంలో వింత లేదు.

ముందురాత్రే మొదలుపెట్టండి. డీజిల్ ఫిల్టర్ కింద ఉండే నీటి గిన్నె మర తిప్పి నీరు వదిలేయండి. ట్యాంకు నింపి ఉంచితే లోపల తేమ పట్టే చోటు తగ్గుతుంది. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొడి ఉంటే శుభ్రం చేసి బిగించండి. లారీలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా ఉంటాయి. వాటిలో ఒకటి ముసలిదైతే రెండోదాన్నీ కిందికి లాగుతుంది, కాబట్టి మారిస్తే జతగా మార్చడమే మంచిది.

తాళం తిప్పి ఆగండి. స్టార్టింగ్‌కు ముందు ఇంజన్‌ను లోపల వేడిచేసే హీటర్ ఉన్న బండ్లలో స్ప్రింగు చుట్ట లాంటి గుర్తు వెలుగుతుంది. అది ఆరిన తర్వాతే సెల్ఫ్ కొట్టాలి. గేరు న్యూట్రల్‌లో, లైట్లు ఆర్పి, క్లచ్ తొక్కి ఉంచండి. క్లచ్ తొక్కితే గేర్‌బాక్సులోని చిక్కటి ఆయిల్‌ను తిప్పే బరువు సెల్ఫ్ మోటారుకు తప్పుతుంది. పది సెకన్లకు మించి సెల్ఫ్ పట్టి ఉంచవద్దు. అందుకోకపోతే కనీసం అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించండి. మూడు సార్లకూ రాకపోతే ఆపేసి కారణం వెతకండి, లేకపోతే సెల్ఫ్ మోటారు ఖర్చు కూడా తోడవుతుంది.

అందుకోగానే రేస్ చేయవద్దు. మన డ్రైవర్లకు ఈ అలవాటు ఒక పట్టాన పోదు. పూర్తి వేగంలో నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరిగే టర్బో ఇరుసు సన్నటి ఆయిల్ పొర మీద తేలుతుంది. ఆ ఆయిల్ పైకి చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఆయిల్ గుర్తు ఆరేదాకా కాలు దూరంగా ఉంచండి.

ఇక వినండి, చూడండి. అసలు పని ఇదే. వేడెక్కిన లారీ ఇంజన్ ఐడ్లింగ్, అంటే బండి నిలబడి ఉండగా కాలు పెట్టకుండా ఇంజన్ తిరిగే వేగం, సాధారణంగా నిమిషానికి 600 నుంచి 700 చుట్లు ఉంటుంది. కంప్యూటర్ ఉన్న ఇంజన్లు చలిలో దాన్ని తామే కొంత పెంచి, వేడెక్కే కొద్దీ తగ్గిస్తాయి. మొదట్లో టకటక చప్పుడు గట్టిగా రావడం కూడా మామూలే. చల్లటి సిలిండర్‌లో డీజిల్ కాస్త ఆలస్యంగా, ఒక్కసారిగా అంటుకోవడం వల్ల అది వస్తుంది. ఒకటి రెండు నిమిషాల తెల్లపొగ కాలని డీజిల్ ఆవిరి, దానికీ కంగారు వద్దు.

చప్పుడు ఊగుతుంటే, అంటే పెరుగుతూ పడుతూ ఉంటే, ముందుగా డీజిల్ లైనులో గాలిని అనుమానించండి. రాత్రంతా బండి నిలబడినప్పుడు ఎక్కడో వదులుగా ఉన్న జాయింటు గుండా గాలి చొరబడి డీజిల్ ట్యాంకులోకి వెనక్కి జారుతుంది. ఉదయం డీజిల్ లైనుకు ఉండే చేతిపంపు పదిసార్లు కొట్టి స్టార్ట్ చేసి చూడండి. ఊగడం తగ్గితే దొంగ దొరికినట్టే. మా బండికి ఇలాగే జరిగితే ఒక షెడ్డులో సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లన్నీ ఊడదీసి బాగు చేశారు. చివరికి తేలింది ఫిల్టర్ దగ్గర అరిగిపోయిన రాగి వాషరు. దాని ఖరీదు చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంటుంది.

ఊగడం కాకుండా బండి ఒకే లయలో కుదుపుతూ, తెల్లపొగ ఆగకుండా వస్తుంటే ఒక సిలిండర్ సరిగా కాలడం లేదు. నాజిలో, హీటరో, కంప్రెషనో (సిలిండర్‌లో గాలి నొక్కుడు) చూడాలి. దాంతోపాటు రేడియేటర్‌లో నీరు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పైమూత కింద ఉండే సీలు) పోయి ఉండవచ్చు. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. నల్లపొగ వస్తే మొదట ఎయిర్ ఫిల్టర్ చూడండి.

పాత పంపు ఇంజన్లలో నాజిల్ గొట్టాల నట్లు ఒక్కొక్కటీ వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో కనిపెట్టేవారు. అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి అధిక పీడనంతో డీజిల్ అందే కామన్ రైల్ ఇంజన్ మీద ఆ ప్రయోగం ఎప్పుడూ చేయవద్దు. లోపలి పీడనం వెయ్యి బార్లు దాటుతుంది, ఆ డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళ్తుంది.

కొన్ని చిట్కాలను పూర్తిగా మరిచిపోండి. ట్యాంకు కింద గుడ్డ కాల్చడం, ఎయిర్ ఫిల్టర్ దగ్గర పెట్రోలు తడి పట్టడం, ఇట్టే అంటుకునే ఈథర్ స్ప్రే కొట్టడం వంటివి. హీటర్ ఉన్న ఇంజన్‌లో ఈథర్ లోపలికి వెళ్లే దారిలోనే పేలవచ్చు. డీజిల్ గడ్డకడుతుందని కిరోసిన్ కలపడం మరొకటి. బెంగళూరు చలికి డీజిల్ గడ్డకట్టదు, కిరోసిన్ మాత్రం పంపుకు అందాల్సిన జిడ్డును తగ్గించి దాన్ని అరగదీస్తుంది. బీఎస్ 6 కాలుష్య ప్రమాణం బండ్లలో పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం గడ్డకట్టాలన్నా మైనస్ 11 డిగ్రీలు కావాలి.

ఎంతసేపు నిలపాలి? రెండు మూడు నిమిషాలు. బ్రేకులకు గాలి ఎక్కి, బజర్ ఆగి, గాలి పీడనం చూపే సూది సరైన చోటికి వచ్చేదాకా ఎలాగూ ఆగాలి. అది చాలు. అరగంట ఐడ్లింగ్‌లో పెట్టి టీ తాగి వచ్చినా ఇంజన్ సరిగా వేడెక్కదు. పెద్ద ఇంజన్ గంటకు రెండు మూడు లీటర్లు ఊరికే తాగుతుంది, కాలని డీజిల్ ఆయిల్‌లోకి దిగుతుంది, బీఎస్ 6 బండిలో మసి ఫిల్టర్ నిండుతుంది. వేడి సూది లేచేదాకా తుమకూరు రోడ్డు మీద ఇంజన్‌ను గుంజకుండా నింపాదిగా నడపండి.

షెడ్డుకు వెళ్లాల్సి వస్తే ఉదయం బండి నడుపుకుంటూ వెళ్లవద్దు. ఇంజన్ వేడెక్కాక లోపం కనిపించదు, మెకానిక్ ‘బాగానే ఉంది కదండీ’ అంటాడు. ముందురాత్రే బండి అక్కడ వదిలి, తెల్లవారి మొదటి సెల్ఫ్ ఆయననే కొట్టమనండి.